ఇపో: తగరం పోయాక తిండి నిలబెట్టిన ఊరు

పొద్దున్న ఏడు కాకముందే ఆ రెండు కాఫీ దుకాణాల్లో కుర్చీలు నిండిపోతాయి. జలాన్ బందార్ తిమా అనే పాత వీధిలో ఎదురెదురుగా ఉంటాయవి. ఒకటి సిన్ యూన్ లూంగ్, రెండోది నామ్ హెయాంగ్. పాలరాయి పరిచిన గుండ్రటి బల్లలు, నెత్తిమీద గిర్రున తిరిగే పాత ఫ్యాన్లు. పొయ్యి దగ్గర బనీను వేసుకున్న పెద్దాయన పొడుగాటి గుడ్డ సంచిలో కాఫీ పొడి వేసి సలసల మరిగే నీళ్లు పోస్తాడు. సంచిని ఓ కూజాలోంచి పైకి లాగి ఇంకో కూజాలో ముంచుతాడు. మందపాటి పింగాణీ కప్పు అడుగున చిక్కటి తీపి పాలు, వాటిమీద ఆ డికాషన్ పడగానే అంచు దాకా నురగ. పక్కనే సాసర్లో సగం ఉడికిన రెండు గుడ్లు, వాటిమీద కాస్త సోయా సాసు, చిటికెడు మిరియాల పొడి. బొగ్గుల మీద కాల్చిన రొట్టెలో కొబ్బరిపాలు, గుడ్లు, చక్కెర కలిపి ఉడికించిన 'కాయా'. ఒక బల్ల దగ్గర కాంటనీస్, దాని వెనక మలయ్, మూల బల్ల దగ్గర తమిళం. ముగ్గురూ తాగేది ఒకటే కాఫీ.

మలేసియాలో పెరాక్ రాష్ట్ర రాజధాని ఇపోలో ఏ ఉదయమైనా ఇలాగే మొదలవుతుంది.

మనవాళ్లకు మలేసియా ఇప్పుడు పక్కూరైపోయింది. 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులు వీసా లేకుండానే అక్కడ 30 రోజులు తిరగొచ్చు. ఆ వెసులుబాటును 2026 చివరి దాకా పొడిగించారు. 2026ను పర్యటక సంవత్సరంగా కూడా ప్రకటించుకున్నారు. హైదరాబాద్‌లో ఏ ట్రావెల్ ఏజెంటును అడిగినా ప్యాకేజీ ఒక్కటే: జంట టవర్లు, బాటు గుహలు, గెంటింగ్ కొండ, లంకావి. కౌలాలంపూర్‌కు ఉత్తరాన సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, ఏడు లక్షలకు పైగా జనంతో ఉన్న ఇపో మాత్రం ఆ పట్టీలో కనిపించదు. ఒకప్పుడు ప్రపంచానికి తగరం పోసిన ఊరిది. ఆ తగరం ఒక్క ఏడాదిలో విలువ కోల్పోయింది. ఆ దెబ్బకు ఊరు లేవదనుకున్నారు. లేచింది. లేపింది గని యజమానులు మాత్రం కాదు.

పడవ ఆగిన చోట ఊరు

ఇపో ఉన్న కింతా లోయ చుట్టూ సున్నపురాయి కొండలు నిట్టనిలువుగా నిలబడి ఉంటాయి. ఆ కొండల మధ్య మట్టిలో తగరపు ఖనిజం నల్లటి ఇసుకలా కలిసి ఉంటుంది. 19వ శతాబ్దంలో తిండిని డబ్బాల్లో నిల్వ చేయడం మొదలయ్యాక, ఆ డబ్బాల రేకుకు పూత పూయడానికి ఐరోపాకూ అమెరికాకూ తగరం ఎంత ఉన్నా చాలలేదు. 1880ల్లో జనం కింతా లోయ మీద పడ్డారు. నదిలో ఎగువకు పడవలు ఎక్కడి దాకా రాగలవో అక్కడ సరుకు దిగింది. సరుకు దిగిన చోట కొట్లు వెలిశాయి. అదే ఇపో. 1892లో పెద్ద అగ్నిప్రమాదం ఊళ్లో చాలా భాగాన్ని బూడిద చేసింది. తర్వాత గీత గీసినట్టు తిన్నటి వీధులతో మళ్లీ కట్టారు. నదికి పడమట పాత పట్నం. తూర్పున యావ్ తెత్ షిన్ అనే హక్కా (చైనీయుల్లో ఒక వర్గం) వ్యాపారి కట్టించిన కొత్త పట్నం.

పెరాక్‌లోకి ఆంగ్లేయులు అడుగుపెట్టింది 1874లో, పాంగ్‌కోర్ ఒప్పందంతో. సుల్తానుకు సలహాదారు అన్న పేరుతో వచ్చిన తొలి రెసిడెంట్ జె.డబ్ల్యు.డబ్ల్యు. బిర్చ్ పెత్తనం చెలాయించబోయి, మరుసటి ఏడాదే పాసిర్ సలాక్ దగ్గర నదిలో స్నానశాలలో ఉండగా హతమయ్యాడు. అందుకు మహారాజా లేలా అనే నాయకుణ్ని ఉరితీశారు. 1909లో ఇపో నడిబొడ్డున బిర్చ్ పేరిట గడియార స్తంభం కట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక మలేసియా వాళ్లు ఆ స్తంభాన్ని కూలగొట్టలేదు. దాని చుట్టూ ఉన్న వీధులకు మహారాజా లేలా పేరు, ఆయన సహచరుడు దాతో సగోర్ పేరు పెట్టేశారు. విగ్రహాలు కూల్చడం కంటే ఇదే గట్టి జవాబని నాకనిపిస్తుంది.

---
విషపు చెట్టు పేరే ఊరి పేరు
• 'ఇపో' ఒక చెట్టు. దాని పాలు విషం. అడవుల్లోని ఒరాంగ్ అస్లీ ఆదివాసీ వేటగాళ్లు ఆ పాలను ఊదుగొట్టంతో వేసే బాణాల మొనలకు పూసేవారు. రైల్వే స్టేషన్ ఎదుట ఇప్పటికీ ఒక ఇపో చెట్టు ఉంది.
• స్టేషన్‌ను ఎ.బి. హబ్బక్ గీశాడు. మొదటి ప్రపంచ యుద్ధం నడుమ పని సాగి 1917లో పూర్తయింది. గుమ్మటాలూ తోరణాలూ భారత్‌లో ఆంగ్లేయులు కట్టిన ఇండో సారసెనిక్ భవనాల చాయలోనే ఉంటాయి. ఊరివాళ్లు ముద్దుగా 'ఇపో తాజ్‌మహల్' అంటారు.
• 1937లో పెరాక్ రాజధానిని తైపింగ్ నుంచి ఇక్కడికి మార్చారు. 1988లో నగర హోదా వచ్చింది.
• ఆస్కార్ ఉత్తమ నటి అవార్డు అందుకున్న తొలి ఆసియా మహిళ మిషెల్ యో పుట్టింది ఇక్కడే, 1962లో.
---

అప్పు తీరని కూలి

దక్షిణ చైనా నుంచి ఓడ ఛార్జీలు కూడా అప్పు చేసి వచ్చేవాళ్లు కూలీలు. గని యజమానే వాళ్లకు బియ్యం, సారా, నల్లమందు అరువిచ్చేవాడు. జూదశాల కూడా ఆయనదే. ఏడాది చివర లెక్క చూస్తే చేతికి వచ్చేది తక్కువ, పద్దులో మిగిలేది ఎక్కువ. నల్లమందుకూ జూదానికీ గుత్తలు వేలం వేసి ఆంగ్లేయ ప్రభుత్వం తన వాటా తీసుకునేది. కూలివాడి చెమట మూడు చోట్ల లాభమైంది. అతని దగ్గర మాత్రం ఏమీ మిగల్లేదు. ఇపోకు దగ్గర్లోని గోపెంగ్‌లో 1879లో యూ కాంగ్ అనే ఆయన చైనా మూలికల కొట్టు పెట్టాడు. గని కూలీలు నల్లమందుకు బదులు మందులు వాడతారన్న ఆలోచనతోనే పెట్టాడని ఆ సంస్థ ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆయన కొడుకు యూ తాంగ్ సెన్ గనుల్లో, రబ్బరు తోటల్లో కోట్లు గడించాడు. ఆనాటి ఆ కొట్టే నేడు ఆసియా నగరాల్లో శాఖలున్న యూ యాన్ సాంగ్ కంపెనీ.

గనుల ఫొటోల్లో ఎప్పుడూ పెద్ద యంత్రాలే కనిపిస్తాయి. ఐరోపా కంపెనీలు నీటిలో తేలే డ్రెడ్జర్లు దింపాయి. బాటు గాజా దగ్గర 1938లో కట్టిన ఒక డ్రెడ్జర్ ఇప్పుడు మ్యూజియం. బరువు 4,500 టన్నులు. చైనా యజమానులు నీటి పంపులతో మట్టిని కరిగించి, గుంజల మీద నిలబెట్టిన పొడవైన చెక్క కాలువల్లోకి ఎక్కించేవారు. ఆ కాలువ దాటి కిందికి పారిన బురదలో ఇంకా కాస్త ఖనిజం ఉండేది. దాని కోసం నిలబడినవాళ్లు ఆడవాళ్లు, ఎక్కువమంది హక్కా మహిళలు. దులాంగ్ అనే వెడల్పాటి గుండ్రటి చెక్క పళ్లెంలో బురద ఎత్తి, మోకాలి లోతు నీళ్లలో వంగి, బియ్యం గాలించినట్టు గాలించేవారు. మట్టి, ఇసుక నీళ్లతో పోయేవి. బరువైన నల్ల రేణువులు అడుగున మిగిలేవి. ముఖం మాడకుండా అంచుకు నల్లగుడ్డ కుట్టిన టోపీ. దీనికి లైసెన్సు కూడా ఉండాల్సి వచ్చేది. ప్రొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడుము వంచితే గుప్పెడు ఖనిజం. దాంతో పిల్లల్ని చదివించుకున్న ఇళ్లు ఆ లోయలో ఎన్నో.

యజమానుల సాయంత్రాలు వేరు. 1893లో లియాంగ్ ఫీ అనే హక్కా గని యజమాని 'హాన్ చిన్ పెత్ సూ' అనే క్లబ్బు పెట్టాడు. సభ్యులకు నల్లమందు, పేకాట, ఆడవాళ్ల సాంగత్యం అన్నీ అక్కడే. ఇప్పుడది మ్యూజియం. దాచకుండా ఉన్నదున్నట్టు చూపిస్తారు. దగ్గర్లోనే ఓ ఇరుకు సందు, లొరాంగ్ పాంగ్లిమా. జనం 'ఉంపుడుగత్తెల సందు' అంటారు. యావ్ తెత్ షిన్ తన భార్యల్లో ఒకరికి ఇచ్చాడన్న కథ ఉంది. కథ నిజమో కాదో గానీ పర్యటకులకు మాత్రం భలే నచ్చింది.

---
మద్రాసు మేస్త్రీలు కట్టిన కోట
బాటు గాజా దారిలో ఒక మొండి మేడ కనిపిస్తుంది. రబ్బరు తోటల యజమాని విలియం కెల్లీ స్మిత్ అనే స్కాట్లాండ్ వ్యక్తి 1915లో మొదలుపెట్టాడు. ఇటుకలూ పాలరాయీ భారత్ నుంచి వచ్చాయి. మద్రాసు నుంచి 70 మంది పనివాళ్లను రప్పించాడు. మలయాలో తొలి లిఫ్టు పెట్టాలని గోపురంలో చోటు కూడా వదిలాడు. స్పానిష్ ఫ్లూ పనివాళ్లలో చాలామందిని పొట్టన పెట్టుకుంది. మిగిలినవాళ్లు అడిగితే దగ్గర్లో మారియమ్మ గుడి కట్టించాడు. గుడి పైకప్పు మీద దేవతల వరసలో తెల్లదుస్తుల దొర బొమ్మ నేటికీ ఉంది. 1926లో స్మిత్ లిస్బన్‌లో న్యుమోనియాతో చనిపోయాడు. కోట అలాగే ఆగిపోయింది.
---

పాపన్‌లో ఒక నర్సమ్మ

ఇపో చరిత్రలో ధనవంతులకు లోటు లేదు. అయినా ఈ ఊరి గురించి ఒక్కరి కథే చెప్పాలంటే అది సిబిల్ కథిగాసుది.

ఆమె 1899లో సుమత్రాలోని మెదాన్‌లో పుట్టిన యురేషియన్ మహిళ. నర్సు, మంత్రసాని. భర్త డాక్టర్ ఎ.సి. కథిగాసు సిలోన్ తమిళ మూలాలున్నవారు. ఇద్దరూ ఇపోలోని బ్రూస్టర్ రోడ్డులో ఆస్పత్రి నడిపేవారు. సిబిల్ కాంటనీస్ గలగలా మాట్లాడేది. గని కూలీల భార్యలకు ఆమె దగ్గర చెప్పుకోలేని బాధంటూ లేదు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు ఊరి మీద పడ్డాయి. నెలాఖరుకు సైన్యం వచ్చింది. కుటుంబం పాపన్ అనే చిన్న గనుల ఊరికి మారింది.

పాపన్ వీధిలో 74వ నంబరు ఇల్లు వాళ్ల ఆస్పత్రి. పగలు మామూలు రోగులు. రాత్రి వెనక కూరగాయల తోటలోంచి, కొండల్లో జపాన్‌తో పోరాడే గెరిల్లాలు దిగి వచ్చేవారు. తూటాలు తీసి, కట్లు కట్టి, తెల్లవారేలోగా పంపేసేవారు. ఇంట్లో దాచిన షార్ట్‌వేవ్ రేడియోలో బీబీసీ వార్తలు విని, నమ్మినవాళ్లకు చెప్పేవారు. రేడియో దొరికితే తల పోతుందని అందరికీ తెలుసు.

1943లో కెంపైతాయ్ ఆమెను పట్టుకుంది. అది జపాన్ సైనిక పోలీసు దళం. కొట్టారు, గోళ్లు పీకారు, నీళ్లు తాగించి పొట్ట మీద తొక్కారు. చిన్న కూతురును ఆమె కళ్లెదుటే చెట్టుకు వేలాడదీసి కింద మంట పెట్టబోయారు. ఆమె పేర్లు చెప్పలేదు. జైల్లో ఆమె నడుము విరిగిపోయింది. 1945లో యుద్ధం ముగిసి బయటికి వచ్చేనాటికి నడవలేని స్థితి. చికిత్సకు బ్రిటన్ తీసుకెళ్లారు. అక్కడ జార్జ్ మెడల్ ఇచ్చారు. ఆ యుద్ధకాలపు సాహసానికి ఆ పతకం పొందిన మలయా మహిళ ఆమె ఒక్కరే. 1948 జూన్‌లో ఆ దెబ్బల తాలూకు గాయాలతోనే కన్నుమూసింది. మరుసటి ఏడాది ఆమె అవశేషాల్ని ఇపోకు తెచ్చి సెయింట్ మైఖేల్స్ చర్చి పక్క శ్మశానంలో పూడ్చారు. జైలు రోజుల గురించి ఆమె చెప్పి రాయించిన పుస్తకం 'నో డ్రామ్ ఆఫ్ మెర్సీ' 1954లో వచ్చింది.

మలేసియా బడి పుస్తకాల్లో ఆమెకు దక్కిన చోటు చాలా తక్కువని అక్కడివాళ్లే అంటారు. ఆమె మలయ్ కాదు, చైనీయురాలు కాదు, అచ్చంగా భారతీయురాలూ కాదు. ఏ జాతి ఖాతాలోనూ సరిగ్గా ఇమడని మనిషిని ఎవరు తలకెత్తుకుంటారు?

1985 అక్టోబరు 24

ఆ రోజు లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో తగరం వ్యాపారం ఆగిపోయింది. ధర పడకుండా తగరం కొని నిల్వ చేస్తూ వచ్చిన అంతర్జాతీయ తగర మండలి దగ్గర డబ్బు అయిపోయింది. అప్పటికే అల్యూమినియం, ప్లాస్టిక్ డబ్బాలు తగరం చోటు ఆక్రమించాయి. బ్రెజిల్ నుంచి చవక ఖనిజం వస్తోంది. నెలల వ్యవధిలో ధర సగానికి పడింది. అప్పట్లో ప్రపంచంలో అందరికంటే ఎక్కువ తగరం తీసే దేశం మలేసియా, అందులో గుండెకాయ కింతా లోయ. గనులు వరసగా మూతపడ్డాయి.

చదువుకున్న పిల్లలు కౌలాలంపూర్, పెనాంగ్, సింగపూర్ బాట పట్టారు. ఇళ్లలో ముసలివాళ్లు మిగిలారు. ఇపోకు 'పింఛనుదారుల ఊరు' అని పేరొచ్చింది. పాత పట్నంలో మేడలు కూల్చి కొత్తవి కట్టడానికి ఎవరి దగ్గరా డబ్బు లేదు. అందుకే 1900ల నాటి దుకాణాల వరసలు, చెక్క కిటికీలు, గోడల మీది సున్నపు అలంకారాలు అలాగే నిలబడ్డాయి. లేమి కాపాడిన వారసత్వం ఇది.

తవ్విన గోతులు నీళ్లు నిండి చెరువులయ్యాయి. తంజుంగ్ తువలాంగ్ వైపు ఆ నీళ్లలో పెద్ద రొయ్యలు పెంచారు. మనం నీలకంఠ రొయ్య అనేదే. ఇప్పుడు ఆ ఊరి పేరు చెబితే జనానికి గనుల కంటే రొయ్యలే గుర్తొస్తాయి. నెల్లూరు, భీమవరం రైతులకు ఈ రొయ్యతో మరో చుట్టరికం ఉంది. దీని పిల్లలు బతకాలంటే కాస్త ఉప్పునీళ్లు కావాలన్న రహస్యం 1960ల మొదట్లో పెనాంగ్‌లో షావో వెన్ లింగ్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాకే హేచరీలు సాధ్యమయ్యాయి.

ఆలస్యంగా వచ్చినవాళ్ల వంట

చైనా నుంచి హైనాన్ ద్వీపం వాళ్లు అందరికంటే ఆలస్యంగా వచ్చారు. అప్పటికి గనులు హక్కాలవి, వ్యాపారం ఇతరులది. మిగిలిందల్లా దొరల బంగళాల్లో వంటపని. అక్కడ కాఫీ, రొట్టె, వెన్నల్లో చేయి తిరిగాక సొంత కొట్లు పెట్టుకున్నారు. మలేసియా మామూలు నల్ల కాఫీకి గింజల్ని చక్కెర, మార్గరిన్ వేసి నల్లగా మాడేలా వేయిస్తారు. ఇపోలో చక్కెర మానేసి మార్గరిన్ ఒక్కదానితో తక్కువ మంట మీద వేయించారు. రంగు తేలిక, చేదు తక్కువ. అదే వైట్ కాఫీ. తెలుపు పాలది కాదు, వేయింపుది. సిన్ యూన్ లూంగ్ 1937 నాటిది, నామ్ హెయాంగ్ 1958లో మొదలైంది. 1999లో ఇదే కాఫీని ప్యాకెట్లలో పొడిగా అమ్మిన 'ఓల్డ్ టౌన్' కంపెనీ ఆ తర్వాత దేశమంతా కేఫ్‌లు తెరిచింది. 2018లో డచ్ మూలాలున్న బహుళజాతి సంస్థ చేతిలోకి పోయింది.

కాఫీ తర్వాత ఇపో గర్వం పెసర మొలకలు. ఉడికించిన కోడిమాంసం, పక్కన వేడినీళ్లలో ఒక్క మునక వేసి తీసిన మొలకలు, సోయా సాసు, నువ్వుల నూనె, మిరియాల పొడి, జారిపోయే బియ్యపు నూడుల్స్. అంతే భోజనం. మొలకలు పొట్టిగా, లావుగా, కొరికితే కరకరమంటాయి. సున్నపురాయి కొండల్లోంచి వచ్చే నీళ్ల మహిమ అని ఊరంతా ఏకగ్రీవం. వీటిని పెంచే చోటు బుంతోంగ్. చీకటి గదుల్లో తొట్ల నిండా నానిన పెసలు, పగలూ రాత్రీ తేడా లేకుండా కొన్ని గంటలకోసారి నీళ్లు చల్లాలి. ఒక్క తడి తప్పినా వేడెక్కి కుళ్లిపోతాయి. నీళ్ల మహిమ ఎంతో నాకు తెలియదు గానీ, నిద్ర మానుకునే ఆ మనుషుల పాత్ర తక్కువేమీ కాదు.

బుంతోంగ్ భారతీయుల పేట కూడా. తమిళనాడు నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడ జంతికలు, పకోడీ, కారప్పూస, వేయించిన శనగలు, వేరుశనగలు చేస్తాయి. వాటిని కలిపి 'కచాంగ్ పుతె' అంటారు. ఒకప్పుడు తలమీద తట్టతోనో సైకిలు మీదో సినిమాహాళ్ల ముందు నిలబడి, పాత కాగితాల పొట్లాల్లో అమ్మేవారు. ఇప్పుడు ప్యాకెట్లలో దేశమంతా తిరుగుతున్నాయి. పాత పట్నంలో యాంగ్ సువాన్ అనే చైనీయుల కాఫీ కొట్లో 1957 నుంచి తమిళ ముస్లింలు 'నాసి కందార్' వడ్డిస్తున్నారు. కావడిలో అన్నం, కూరలు మోసుకొచ్చి అమ్మిన కాలపు వంటకం. ఎర్రటి కోడికూర, ఉప్పు గుడ్డు, కొబ్బరి పచ్చడి. ఒకసారి తింటే వదలరని దీనికి 'నాసి గంజా' అని పేరు పెట్టారు. అందులో గంజాయి లేదు, కంగారు పడకండి. శాకాహారులకు కొండ గుహల్లోని ఆలయాల దగ్గర చైనా శాకాహార భోజనం, లిటిల్ ఇండియాలో ఇడ్లీ, దోశ దొరుకుతాయి.

పెరాక్‌లో తెలుగువాళ్లూ ఉన్నారు. అయితే ఇపోలో కాదు, దక్షిణాన సముద్రం ఒడ్డున బగాన్ దాతో కొబ్బరి తోటల చుట్టుపక్కల ఎక్కువ. ఉత్తరాంధ్ర తీరం నుంచి కూలికి ఓడెక్కినవాళ్ల మనుమలు, మునిమనుమలు. తోటల్లో తెలుగు బడులు నడుపుకున్న చరిత్ర వాళ్లది.

కొత్త జనం, పాత భయం

2014లో లిథువేనియా చిత్రకారుడు ఎర్నెస్ట్ జకారెవిచ్ పాత పట్నం గోడల మీద బొమ్మలు వేశాడు. కాఫీ తాగుతున్న ముసలాయన బొమ్మ ఎక్కడ చూసినా కనిపిస్తుంది. దాంతో సెల్ఫీల జనం దిగింది. ఉంపుడుగత్తెల సందు ఇప్పుడు ప్లాస్టిక్ బొమ్మలు, ఐస్‌క్రీం, ఫోన్ కవర్ల అంగడి. కూలిన గోడలకు మరమ్మతులు జరిగాయి, నిజమే. కానీ అద్దె పెరిగాక చెప్పులు కుట్టేవాడు, వెదురు తడికలు అల్లేవాడు ఆ వీధుల్లో ఎన్నాళ్లుంటారు?

ఇంకో భయం కొండలది. సిమెంటుకూ సున్నానికీ పాలరాయికీ వాటిని తొలుస్తున్నారు. 1973లో గునుంగ్ చెరో కొండచరియ విరిగి కింద ఉన్న ఇళ్ల వరస మీద పడింది. దాదాపు 40 మంది చనిపోయారు. ఆ కొండ పక్కనే సుబ్రహ్మణ్యుడి గుడి ఉంది. తైపూసం పండుగకు కావళ్లు అక్కడికే చేరతాయి. మొలకలకు రుచి ఆ కొండల నీళ్లదే అని నమ్మే ఊరు ఆ కొండల్నే ట్రక్కుల్లో పంపిస్తోంది. తగరం విషయంలో జరిగిన తప్పు ఇదే కదా అని అడిగేవాళ్లు ఊళ్లో ఉన్నారు, వాళ్ల మాట ఇంకా గట్టిగా వినిపించాలి.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. కౌలాలంపూర్ సెంట్రల్ స్టేషన్ నుంచి ఇపోకు ఎలక్ట్రిక్ రైలు ఉంది. సుమారు రెండున్నర గంటల ప్రయాణం. శని ఆదివారాలకు టికెట్లు ముందే అయిపోతాయి, వారం మధ్యలో వెళ్లండి. మంచి కాఫీ కొట్లు, నూడుల్స్ బళ్లు చాలావరకు మధ్యాహ్నానికే మూసేస్తారు. మొలకల కోడి కొట్ల సందడి మాత్రం సాయంత్రమే. ఒక పూట మిగిలితే సందులో ఫొటో మానుకుని టాక్సీ మాట్లాడుకుని పాపన్ వెళ్లండి. అక్కడి 74వ నంబరు ఇంటిని సిబిల్ జ్ఞాపకార్థం కాపాడుతున్నారు.